ఎడమ వెనక మోకు

కొత్తగా చేరిన లైన్‌మేన్లు ఎప్పుడన్నా ఆదివారం పూట మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "మీ సర్వీసులో పెద్ద గాలివాన ఏది సార్? పెద్ద బ్రేక్‌డౌన్ ఏది?" అని అడుగుతారు. గాలివానలు చాలా చూశాను. వాటి సంగతి ఆఫీసు రిజిస్టర్లలో ఉంటుంది, వెళ్ళి చూసుకోమంటాను. నాకు చెప్పాలనిపించేది మాత్రం ఒక తాడు సంగతి. అందులో నేను ఉద్ధరించింది ఏమీ లేదు. తప్పు చేశాను. అదీ చేతకాక చేసింది కాదు, బాగా చేతనయి చేసింది. అలాంటివి రేపు మీరూ చేస్తారు కాబట్టి మీకోసమే రాస్తున్నాను.

అప్పుడు నేను నరసరావుపేట పక్కన ఒక సెక్షన్‌లో లైన్ ఇన్‌స్పెక్టర్‌ని. రిటైరవడానికి ఏడాది కూడా లేదు. ఆ వానాకాలంలో మాకు కొత్త ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, వచ్చింది. ముప్ఫై దాటని అమ్మాయి. మా దగ్గరికి రాకముందు సెల్‌టవర్లు నిలబెట్టే కంపెనీలో రెండేళ్ళు పనిచేసిందట. వచ్చిన వారంలోనే ఒకరోజు పొద్దున హాజరు అయ్యాక మా అందర్నీ వరండాలో నిలబెట్టి, "స్తంభానికి ఏటవాలుగా బిగించే తీగను స్టే అని ఎందుకంటారు?" అని అడిగింది.

మీకు జీతం ఎందుకివ్వాలని అడిగినా అంత తడబడేవాళ్ళం కాదు. మా సీనియర్ లైన్‌మేన్ మాటకు ముందుండే మనిషి. "మా పెద్దోళ్ళు స్టే అన్నారు మేడం, మేమూ స్టే అంటన్నాం" అన్నాడు.

నేను ఊరుకోలేదు. "ఇంగ్లీషులో స్టే అంటే ఉండమని గదండీ. స్తంభాన్ని ఉండమంటది, ఉంటది" అన్నాను.

"నేనూ అట్లాగే అనుకున్నాను ఎల్ఐ గారూ. కానీ అది ఓడలవాళ్ళ మాటట. ఓడ మీద నిలువు స్తంభం ఉంటుంది కదా, అది ఊగకుండా ముందుకీ వెనక్కీ బిగించి కట్టే లావుపాటి తాడు పేరు. ఆ తాడు పేరే మన పొలం గట్టు దాకా వచ్చింది" అన్నది.

ఆవిడ కోరిక ఏమిటంటే, మా పనిలో వాడే ప్రతి తాడుకూ, ప్రతి తీగకూ పేరేమిటి, అది ఏం చేస్తుంది, ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది అని తెలుగులో ఒక చిన్న పుస్తకం తయారుచేయాలి. కొత్తవాళ్ళకు ట్రైనింగులో ఇవ్వాలి. పేరు పుట్టుక తెలిస్తే పని మర్చిపోరని ఆవిడ నమ్మకం. రాసే పని నామీద పడింది. నా చేతిరాత ముత్యాలని కాదు, మా ఆవిడ జిల్లా పరిషత్ బడిలో తెలుగు టీచరని.

ఇక మా ఇంట్లో ఆ కార్తీకమంతా తాళ్ళే. సాయంత్రం వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళం. మా ఆవిడ నిఘంటువు ఒళ్ళో పెట్టుకునేది, నేను నోటుబుక్కు.

"పగ్గం అంటే ప్రగ్రహం అండీ. సంస్కృతం. పట్టుకునేది అని. మనవాళ్ళకు నోరు తిరక్క పగ్గం చేశారు."

"దామెన?" అన్నాను. నాలుగైదు పశువుల్ని వరసగా కట్టే పొడుగుతాడు అది. మా నాన్న కొట్టంలో ఉండేది.

"అదీ సంస్కృతమే, దామని. చేంతాడు మాత్రం మన సొంతం. చేదతో నీళ్ళు చేదే తాడు. నులకా మనదే. నులిమింది, అంటే మెలిపెట్టింది."

"తాడుకి మూడు పేటలు అంటాం, ఏడు పేటలు అంటాం. ఆ పేట?"

మా ఆవిడ కళ్ళజోడు తీసింది. "పేనడం నుంచి వచ్చిందేమో. ఖాయంగా చెప్పలేను."

మా ఆవిడ ఖాయంగా చెప్పలేనన్న మాట నేను విన్నది ఆ ఒక్కసారే. తేదీ వేసి రాసుకున్నాను.

మర్నాడు పొద్దున ఆఫీసులో ఏఈ గారు ఫోనులో చూసి ఇంగ్లీషు మాటల పుట్టుకలు చదివేది. అదొక కాలక్షేపం అయింది మాకు. వైరు అంటే మూలంలో మెలిపెట్టినది అనట. అంటే మా ఇంటి మంచం నులకా, ఈ వేల వోల్టుల తీగా ఒక్క ఆలోచనలోంచే పుట్టాయి. కేబుల్ అంటే లాటిన్‌లో పశువును పట్టి కట్టే తాడట, మన పలుపు. లైన్ అంటే అవిసె నార అని తేలేసరికి మా సీనియర్ లైన్‌మేన్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"లైన్ అంటే నారా? అయితే ఇంకనించి నన్ను లైన్‌మేన్ అనబాకండి మేడం. నారాయన అనండి, పుణ్యమన్నా వచ్చిద్ది" అన్నాడు.

అలా నవ్వుతూ నవ్వుతూనే నలభై మాటలు రాశాం. గొడవ 'గై' దగ్గర వచ్చింది. సెల్‌టవర్లవాళ్ళు స్టే అనరు, గై అంటారు. నేను నోటుబుక్కులో ఇలా రాశాను: "గై: స్టేకు మరో పేరు. గట్టిగా కట్టి, బిగించి, వదిలేయాలి."

ఏఈ గారు ఎర్రపెన్నుతో పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. "గై అంటే పాత ఫ్రెంచిలో దారి చూపేది అని ఉంది. గైడ్ అన్న మాటకు చుట్టం. రెండూ ఒకటే అయితే ఓడవాళ్ళకు రెండు పేర్లు ఎందుకండీ? పనిలేకనా?"

"మేడం, మన టవర్ల దగ్గర కట్టేది కట్టేదేగా. కదిలేదేముంది అక్కడ?" అన్నాను.

"టవర్ దగ్గర కదలదు. ఓడ దగ్గర ఏమన్నా కదిలేదేమో. ఇంకోసారి ఆలోచించండి."

నాకు కోపం వచ్చింది. పైకి అనలేదు గానీ, ఫోనులో చూసి చెప్పే మనిషి నాకు స్టే గురించి చెప్పేదేంది అనుకున్నాను. నేను స్టే వేసిన స్తంభం ఒరిగిందన్న ఫిర్యాదు నా సర్వీసులో లేదు. నేను వేసిన ముడి నేనే విప్పాలి తప్ప ఇంకోడు విప్పలేడని పేరు. ఆ పంక్తి దిద్దకుండా అట్లాగే ఉంచేశాను.

శివరాత్రి దగ్గరపడింది. మా వైపు శివరాత్రి అంటే కోటప్పకొండకు ప్రభలు. చూడనివాళ్ళకు చెబుతాను. వెదురుగడలతో తాటిచెట్టుకు రెండింతలు మూడింతలు ఎత్తున ఒక చట్రం కడతారు. రంగుబట్టలు, కాగితాలు, బల్బులు బిగిస్తారు. దాన్ని పెద్ద బండి మీద నిలబెట్టి ట్రాక్టరుతో కొండకు లాక్కెళతారు. ఊరికొకటి, కొన్ని ఊళ్ళకు రెండు మూడు. అంత ఎత్తుది దారిలో ఒరక్కుండా నాలుగు పక్కలా పైనుంచి మోకులు కట్టి, ఒక్కో మోకు పదిమంది పట్టుకుని నడుస్తారు. మా కరెంటువాళ్ళకు ఆ నాలుగు రోజులూ పెళ్ళివారి ఇల్లే. ప్రభ వచ్చే దారిలో రోడ్డుకు అడ్డంగా ఉన్న తీగలన్నీ సప్లై ఆపి కిందికి దించాలి, ప్రభ దాటగానే మళ్ళీ ఎక్కించి బిగించాలి. తీగ దించితే స్తంభాన్ని రెండోవైపు తీగ లాగేస్తుంది కాబట్టి ముందే తాత్కాలికంగా ఇంకో స్టే కట్టాలి. అంటే ఆ రోజుల్లో నా చేతులు ఒకటే పని చేస్తుంటాయి, నిలబడ్డదాన్నల్లా నేలకు బిగించడం.

ఆ ఏడు మా సెక్షన్‌లో ఒక ఊరి ప్రభ గురించి ముందునుంచే మాటలు నడిచాయి. ఆ ఊళ్ళో మోకులకు పెద్ద ఒక ముసలాయన. డెబ్భై దాటాయి. నలభై ఏళ్ళుగా ప్రభ ముందు నడుస్తూ, భుజం మీది ఎర్ర తువ్వాలు ఊపుతూ, ఏ మోకు లాగాలో ఏ మోకు వదలాలో కేక వేసేది ఆయనే. కమిటీలో కొందరికి క్రేను పెట్టాలని ఉంది. క్రేను బెల్టులు పట్టుకుంటే మనుషులతో పనిలేదని వాళ్ళ వాదన. చివరికి బందోబస్తు చూసే ఎస్సై గారి ముందు ఒప్పందం అయింది. ఈసారికి మోకులతోనే. దారిలో ప్రభ ఒరిగిందా, వచ్చే ఏడునుంచి క్రేనే. హామీపత్రం మీద ముసలాయన చేత సంతకం పెట్టించారు.

ప్రభ ఎత్తు కొలవడానికి ఏఈ గారూ నేనూ ఆ ఊరు వెళ్ళాం. ముసలాయన ఊరి బయట మోకు చుట్ట ముందు కూర్చుని, తాడును వేళ్ళ మధ్య జారవిడుస్తూ, కళ్ళు మూసుకుని తడిమి చూసుకుంటున్నాడు.

ఏఈ గారు పక్కనే గొంతుకూర్చుంది. "దీన్ని ఏమంటారు తాతా?"

"మోకు."

"మోకు అని ఎందుకంటారు?"

"మా నాయన అన్నాడు గనక."

ఆవిడ నా చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని, "మోకు. పుట్టుక: వాళ్ళ నాన్న" అని రాసింది. ముసలాయన నావైపు తిరిగి, "ఏందయ్యా కరెంటబ్బాయ్, ఈ అమ్మాయి తాడుకి జాతకం రాస్తందా?" అన్నాడు. అరవై దగ్గరపడ్డ నన్ను అబ్బాయ్ అనే మనిషి ఆ మండలంలో ఆయనొక్కడే మిగిలాడు. నాకు ముచ్చటేసింది.

శివరాత్రి ముందురోజు. పొద్దున పదిన్నర. ఆ ఊరి ప్రభ కాలువ వంతెన దగ్గరికొచ్చి ఆగింది. వంతెన మధ్యలో మిట్టగా ఉంటుంది, దాని మీదికి ఎక్కాలంటే ప్రభ వెనక్కి వాలుతుంది, దిగేటప్పుడు ముందుకు వాలుతుంది. దారి మొత్తంలో అదే గండం. పైగా పడమటి గాలి లేచింది. వంతెన పక్కనే మా స్తంభం. తీగలు దించేశాం. ఏఈ గారు వంతెన అవతల ఇంకో స్తంభం దగ్గర ఉంది. ముసలాయన ఎడమ వెనక మోకువాళ్ళతో "తాడు చేతిలో ఉంచండి, నేను దారి చూసొస్తా" అని చెప్పి వంతెన మీదికి పోయాడు.

గాలి తగ్గేదాకా కదలరు కదా అని నేను ఆ మోకువాళ్ళ దగ్గరికి వెళ్ళాను. పాపం తెల్లారకముందునుంచి నడుస్తున్నారు. అరచేతులు కందిపోయాయి. ఒకతను బొబ్బ చూపించాడు. పైన చూస్తే ప్రభ కొస కాస్త ఊగుతోంది. కింద చూస్తే మా స్టే రాడ్ కనిపించింది. నేలలో కాంక్రీటు వేసి పాతిన ఇనపకడ్డీ, పైన ఉంగరం. ఎద్దును కట్టినా కదలదు, ఏనుగును కట్టినా కదలదు. నేను పాతించిందే.

"ఎందుకు మీకీ తిప్పలు? కాసేపు కూర్చోండి, నేను కడతాగా" అన్నాను.

"పెద్దాయన చేతిలో ఉంచమన్నాడు" అని ఒకతను నసిగాడు.

"నాకంటే గట్టిగా పట్టుకుంటారా ఏంది మీరు?"

ఉంగరంలోంచి మోకు దూర్చి, రెండు చుట్లు చుట్టి, లాగి, మూడు ముళ్ళు వేశాను. జీవితంలో రెండోసారి. పదిమందీ హమ్మయ్య అని గట్టు మీద కూలబడ్డారు. ప్రభ ఊగడం నిజంగానే తగ్గింది. నాకు ఎంత సంతోషం కలిగిందో చెబితే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. ఇంతమంది ఇన్నేళ్ళుగా ఇంత చిన్న ఉపాయం ఆలోచించలేదేమిటా అనుకున్నాను. అంతలో సబ్‌స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. డప్పుల మోతలో వినపడక నలభై అడుగులు పక్కకు వెళ్ళాను. కదిలేముందు నన్ను పిలుస్తారనుకున్నాను. పిలవమని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

గాలి ఒక్క క్షణం ఆగింది. ముసలాయన వంతెన మీదినుంచి తువ్వాలు ఊపాడు. ట్రాక్టరు కదిలింది.

నేను తల తిప్పేసరికి ముందు మోకులు బిగిశాయి, కుడి వెనక మోకు వదులుతోంది, ఎడమ వెనక మోకు మాత్రం గీత గీసినట్టు తిన్నగా సాగి ఉంది. ప్రభ కొస వెనక్కీ ఎడమకీ వంగుతోంది. బల్బులు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. గట్టు మీదివాళ్ళు లేచి ముడిమీద పడ్డారు. బరువు పడ్డ ముడి రాయి అయిపోయింది. నేను పరుగెత్తి వేళ్ళు పెట్టాను. గోరు విరిగింది గానీ ముడి కదల్లేదు. నా ముడి గురించి ఊళ్ళో ఉన్న పేరు తప్పని, దాన్ని నేను కూడా విప్పలేనని అప్పుడు తెలిసింది.

పక్కన కొబ్బరికాయలు అమ్మే ఆవిడ ఉంది. ఆవిడ కత్తి లాక్కుని మోకు మీదికి ఎత్తాను.

"కొయ్యమాక."

అరుపు కాదు. ముసలాయన వంతెన దిగి నా వెనక్కి ఎలా వచ్చాడో తెలియదు. నా మణికట్టు పట్టుకుని ఉన్నాడు. "కోస్తే అటుపక్కన పడుద్ది. అటుపక్కన జనం."

నిజమే. ముందువాళ్ళు ప్రాణం పెట్టి లాగుతున్నారు. ఇటు తెగితే ప్రభ అమాంతం వాళ్ళ మీదికే పోతుంది. కత్తి కింద పెట్టేశాను. ఆయన నన్ను వదిలి, తువ్వాలు రెండుచేతులా పైకెత్తి పట్టుకున్నాడు. డప్పులు ఆగాయి. ట్రాక్టరు ఆగింది.

"ముందోళ్ళు బిగించిందాన్ని బిగించినట్టే పట్టండి. ఒరేయ్, ట్రాక్టరూ, వెనక్కి. జానెడు. ఇంకో జానెడు. చాలు."

మోకు కాస్త జావగారింది. ముడిలోకి స్పానర్ కొస దూర్చి ఒక్కొక్కటే విప్పాను. మూడోది విప్పేసరికి చొక్కా మొత్తం తడిసిపోయింది. పదిమందీ మోకు అందుకున్నారు. ప్రభ మెల్లగా నిటారుగా నిలబడింది. జనం హరహరా అన్నారు.

ఎస్సై గారు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. కమిటీవాళ్ళు వెనకే ఉన్నారు. వంతెన అవతలినుంచి ఏఈ గారు కూడా పరుగెత్తుకొచ్చింది.

"ఎవరు కట్టింది దీన్ని?"

ఇందాక గట్టు మీద కూర్చున్నవాళ్ళు నేల చూస్తున్నారు. అందరి చూపూ ముసలాయన మీదికే పోయింది. మోకుల పూచీ ఆయనది, సంతకం ఆయనది.

"చెప్పానా పెద్దాయనా? వచ్చే ఏడు క్రేను పెట్టిస్తున్నాను. రాసుకోవయ్యా" అన్నాడు ఎస్సై గారు పక్కనున్న కానిస్టేబుల్‌తో.

ముసలాయన నావైపు చూడలేదు. తువ్వాలు మడతపెట్టి భుజాన వేసుకున్నాడు. ఆ మడతపెట్టడం నాకు ఇప్పటికీ కళ్ళముందుంది.

మీ దగ్గర అబద్ధం ఎందుకు? నా నోరు వెంటనే పెగల్లేదు. నాలుగు నెలల్లో రిటైర్మెంటు. పెన్షన్ కాగితాలు కదిలే సమయం. డిపార్ట్‌మెంటు మనిషి ప్రభ మోకును స్టే రాడ్‌కు కట్టాడంటే అది చిన్న సంగతి కాదు. ఆయన మాట్లాడలేదు కాబట్టి, నేనూ మాట్లాడకపోతే అక్కడితో సరి. ఇదంతా కానిస్టేబుల్ పెన్ను మూత తీసే లోపల ఆలోచించాను. నా మీద నాకే అసహ్యమేసింది.

"నేనండి" అన్నాను.

"మీరా?"

"నేనే. ఆయన చేతిలో ఉంచమనే చెప్పిపోయాడు. వీళ్ళు కూడా వద్దన్నారు. నేను కట్టాను. మోకుల్లో తప్పులేదు, ఆయనలో లేదు."

ఎస్సై గారు నన్నూ, ముడి విప్పిన స్టే రాడ్‌నూ మార్చి మార్చి చూశాడు. "పని తెలిసినోళ్ళు కూడా ఇట్టా చేస్తే ఎట్టా అండి?" అని, కానిస్టేబుల్ రాసింది కొట్టించి, ఈసారి నా పేరూ హోదా రాయించాడు. ఏఈ గారి మొహం చూసే ధైర్యం నాకు లేదు.

ముసలాయన మోకు దగ్గరికి నడిచాడు. బొబ్బలెక్కినతన్ని పక్కకు జరగమని, ఆ చోటు నాకు చూపించాడు.

"కట్టినోడివి నువ్వేగా. పట్టుకో."

పట్టుకున్నాను. ట్రాక్టరు కదిలింది. అలవాటు కొద్దీ కాళ్ళు తన్నిపెట్టి లాగాను.

"లాగమాక అబ్బాయ్. అది అడిగినంత ఇయ్యి. ఎక్కువ ఇయ్యమాక. చేతిలో చెప్పుద్ది, ఇను."

చెప్పింది. బండి మిట్ట ఎక్కుతుంటే తాడు అరచేతిలో బిగిసింది, అంత వదిలాం. ఊపిరి తీసుకున్నట్టు మళ్ళీ వదులైంది, అంత తీసుకున్నాం. మిట్ట మీదికి రాగానే ముందు మోకులు వదలమనీ వెనకవాళ్ళు పట్టమనీ కేక వచ్చింది. అప్పుడు మాత్రం బరువు మొత్తం మాదే. ముప్ఫై అయిదేళ్ళు తాళ్ళతో పనిచేసిన మనిషిని, ప్రాణమున్న తాడును పట్టుకోవడం అదే మొదలు. ప్రభ వంతెన దిగి రోడ్డు మీద నిలబడేసరికి నా కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఎండ అని చెప్పాను.

ఇంటికెళ్ళి జరిగింది చెబితే మా ఆవిడ నా విరిగిన గోరుకు పసుపు రాస్తూ, "మీరు మూడు ముళ్ళు వేస్తే విప్పడం ఎవరి తరమూ కాదని నేను ఎప్పుడో చెప్పాను" అన్నది. తిట్టిందో మెచ్చుకుందో ఖాయంగా చెప్పలేను.

పండగ అయ్యాక మెమో వచ్చింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. కాగితం ఏఈ గారే నా చేతికి ఇచ్చింది. రెండు రోజులు కూర్చుని రాశాను. జరిగింది జరిగినట్టు రాసి, చివర ఇలా ముగించాను: "నిలబడి ఉన్నదానికి వేసే తాడూ, నడిచేదానితో నడిచే తాడూ ఒకటే అనుకోవడం నా పొరపాటు. ఈ తేడా గురించి పై అధికారి ముందే ఎర్రపెన్నుతో అడిగారు. నేను పట్టించుకోలేదు."

ఆవిడ అది చదివి, చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. నవ్వు ఆపుకుంటోందని తరవాత తెలిసింది. "హెచ్చరించడమైనది" అని రాసి సంతకం పెట్టింది. నా పెన్షన్‌కు ఏమీ కాలేదు. ఆ తరవాత నోటుబుక్కు నాముందుకు తోసింది. "ఆ పంక్తి దిద్దేదాకా ఈ సంజాయిషీ పూర్తయినట్టు కాదండీ ఎల్ఐ గారూ."

దిద్దాను. ఇప్పుడు మీ చేతికిచ్చే ఆ చిన్న పుస్తకంలో ఇలా ఉంటుంది: "స్టే: నిలబడ్డదాన్ని కదలకుండా బిగించేది. ఓడ స్తంభానికి కట్టే మోకు పేరు నుంచి వచ్చింది. గై: దారి చూపేది అన్న మాట నుంచి వచ్చింది. కదిలేదాన్ని ఎత్తేటప్పుడు, నడిపేటప్పుడు మనిషి చేతిలో ఉండే తాడు. టవర్లకు బిగించిన తీగను కూడా ఇదే పేరుతో పిలుస్తారు. చేతిలో ఉన్నప్పుడు మాత్రం దేనికీ కట్టకూడదు." చివరి వాక్యం ఏ నిఘంటువులోనూ లేదు. అది నా సొంతం.

పుస్తకం అచ్చయ్యాక ఒక కాపీ తీసుకుని ముసలాయన దగ్గరికి వెళ్ళాను. సంతకం పెట్టడం తప్ప ఆయనకు చదువు రాదు. అరుగు మీద కూర్చుని నేనే చదివి వినిపించాను. కేబుల్ అంటే పశువుల పలుపు అనీ, లైన్ అంటే నార అనీ, వైరు అంటే మెలిపెట్టినది అనీ.

"అంటే ఏందబ్బాయ్, మీ కరెంటోళ్ళంతా మా కొట్టంలో తాళ్ళు పట్టుకుని పైకి ఎక్కారా?" అన్నాడు.

"అంతే బాబాయ్."

"నా మోకు ఉందా ఇందులో?"

ఉంది. పుట్టుక మా ఆవిడకు ఏ నిఘంటువులోనూ ఖాయంగా దొరకలేదు. అందుకని ఏఈ గారు మొదట రాసిందే ఉంచింది. వేలు పెట్టి చూపిస్తూ చదివాను. "మోకు. పుట్టుక: వాళ్ళ నాన్న."

ఆయన పుస్తకం తీసుకుని ఆ అక్షరాలను బొటనవేలితో తడిమాడు, తాడును తడిమినట్టే. తరవాత లోపలికి తీసుకెళ్ళి ఎక్కడో దాచుకున్నాడు. కాపీ మళ్ళీ ఇవ్వలేదు.

ఆ ఊరికి క్రేను రాలేదు. నేను రిటైరయినప్పటినుంచి ఏటా శివరాత్రి ముందురోజు ఆ ఊరు పోతున్నాను. ఎడమ వెనక మోకు దగ్గర నాకొక చోటుంది. పోయిన ఏడు ముసలాయన నడవలేకపోయాడు. మోకాళ్ళు పోయాయి, చూపు కూడా బాగా తగ్గింది. వంతెన మీద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. తువ్వాలు మాత్రం ఆయన చేతిలోనే. ప్రభ వచ్చి వంతెన ముందు ఆగింది. పడమటి గాలి ఉంది.

ఆయన ఒక్కో మోకువాళ్ళనూ పేరుపేరునా పలకరించాడు. చివరికి ఇటు తిరిగి, "ఎడమెనక మోకు కాడ ఎవడ్రా?" అని కేకేశాడు.

"నేనే బాబాయ్."

మా స్టే రాడ్ నా పక్కనే, నాలుగడుగుల దూరంలో ఉంది. అది అక్కడే ఉందని ఆయనకూ తెలుసు.

"కట్టలేదుగా?"

"లేదు. చేతిలోనే ఉంది."

"అయితే రానియ్యండి" అని తువ్వాలు ఊపాడు.